రెండు తక్కువ

నేను డాక్టర్ని కాను.
న్కటా బే ఆస్పత్రిలో
మందుల గది తాళంచెవి నాది.
పేరు లామెక్.
వచ్చినవీ పోయినవీ పుస్తకంలో రాసుకుంటూ
పద్దెనిమిదేళ్ళు గడిపాను.

నాకు తెలిసిన వైద్యం ఏదైనా ఉంటే
అది ఒడ్డున వలలు బాగుచేసే
మా మేనమామ యోలాము దగ్గర పట్టుబడిందే.
ఉసిపా చేపలు ఎంత సన్నవంటే
వేలెడు చిరుగు చాలు,
సరస్సు సరస్సంతా అందులోంచి జారిపోతుంది.

నర్సమ్మ తియామికే ఓసారి టీ తాగుతూ చెప్పింది:
నెత్తురు కూడా ఒక వల అల్లుతుందట
గాయం నోటి దగ్గర కూర్చుని, దారం దారంగా.
అదే ఒంట్లో ఇంకో పనివాడున్నాడట,
అల్లినదాన్ని విప్పడం వాడి కొలువు.
చెడ్డవాడేం కాదు.
వాడే లేకపోతే పాత వలలతో నాళాలు పూడుకుపోవూ?
కాకపోతే కొన్ని కాన్పు రాత్రుల్లో
వాడికి పూనకం వస్తుంది.
ముడి పడీ పడకముందే విప్పేస్తాడు.

ఈ మందు ముడి వెయ్యదు.
విప్పే చెయ్యి పట్టుకుని
"ఉండవయ్యా, తెల్లారనీ" అంటుంది.
అంతే దాని పని.

అంతే, అని ఇప్పుడంటున్నాను.

నిరుడు జూన్‌లో మ్వేరా గాలి
మూడు రోజులు నీళ్ళని బాదింది.
ఉసిస్యా నుంచి పడవ పొద్దుపోయి వచ్చింది.
అందులో వచ్చినావిడ పేరు తవోంగా.
ఆమె నడుముకి చుట్టిన చితెంజే
ఏ రంగుదో ఎవరూ చెప్పలేకపోయారు.
నేను కొండకవతల ఒక చావింట్లో ఉన్నాను,
పాడేవాళ్ళతో గొంతు కలుపుతూ.
తాళంచెవి నా జేబులో ఉంది.

బిడ్డ భూమ్మీద పడ్డాక మూడు గంటలు దాని గడువు.
అందులోనూ పావుగంట పావుగంటకీ
దాని మాటకి బలం తగ్గిపోతుంది.
కుర్రాడు సైకిలేసుకుని నన్ను వెతికి పట్టుకుని
వెనక కూచోబెట్టుకుని తెచ్చేసరికి
నాలుగో గంట నడుస్తోంది.
అయినా తలుపు తీశాను.
రెండు గాజుబుడ్లు పరిగెత్తి తెచ్చాను.
తియామికే వాటిని అందుకుని
కిటికీ గూట్లో పెట్టి
చేతులు కడుక్కోడానికి వెళ్ళింది.
నన్నొక్క మాటా అనలేదు.

వాడలేదు కనక
ఆ రెంటినీ మళ్ళీ జమ రాసుకున్నాను.
నా పుస్తకంలో అంత శుభ్రమైన లెక్క ఇంకోటి లేదు.

తర్వాతి సోమవారం
ఒక బిస్కెట్ డబ్బా కడిగి ఆరబెట్టి
పది బుడ్లు అందులో పేర్చి
కాన్పుగదిలో మంచం తలవైపు బల్లమీద పెట్టొచ్చాను.
చలిపెట్టె అడగని మందు, గడుసుది.
మూత ఉంది, తాళం లేదు.

ముజూజూ నుంచి తనిఖీకొచ్చినాయన
ఆ డబ్బా చూసి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.
"తాళం లేకుండా మందా?
పోతే ఎవరిదయ్యా బాధ్యత?"
"పోయిందండీ ఒకసారి," అన్నాను.
"బాధ్యత నాదే."
ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

రాత్రి మళ్ళీ మ్వేరా.
రేకుల మీద మామిడి కొమ్మ ఒకటే గోకుడు.
నేను నిద్రపోయాను.
సైకిల్ మీద ఎవరూ రాలేదు,
తలుపెవరూ కొట్టలేదు,
లోకానికి నాతో ఏ పనీ పడలేదు.

పొద్దున డబ్బా మూత తీస్తే
రెండు తక్కువ.

పది నిమిషాలు పట్టి ఉంటుంది.
మణికట్టు దగ్గర వంగి, మిగతా మందుల మధ్య,
గడియారం చూసుకుంటూ
నెమ్మదిగా తోసి ఉంటుంది తియామికే.
ఇప్పుడు మూలన బల్లమీద
నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

బయట కుళాయి దగ్గర ఎవరి అమ్మో, అత్తో
ఒక చితెంజే ఉతుకుతోంది.
ఆకుపచ్చది. పసుపు అనాసపళ్ళ అచ్చు.
స్పష్టంగా లెక్కపెట్టొచ్చు పళ్ళని.

పేరేమిటని అడగలేదు.
పుస్తకంలో రెండు కొట్టేసి
గదిలోంచి ఇంకో రెండు తెచ్చి డబ్బాలో పెట్టి
టీకి నీళ్ళు పడేశాను.
పంచదార అయిపోయింది.